పదకొండో పొరకు నేను పట్టించిన గతి

కొందరి చేతిలో పడితే కొత్త సైకిల్ పాడవుతుంది. కొందరి చేతిలో పడితే కుదిరిన పెళ్లి సంబంధం పాడవుతుంది. నా చేతిలో పడి ఒక కొండ పాడైంది. కొండంటే మరీ కొండంతా కాదు, కొండలో ఒక పొర. నలభై కోట్ల ఏళ్లకు పైగా ఎండకూ వానకూ మంచుకూ తట్టుకుని నిలబడిన ఆ హిమాలయాల రాయి, చిక్కడపల్లిలో ఒక మూడంతస్తుల ఇంటి డాబా మీద నా సంరక్షణలో రెండు నెలలు కూడా నిలవలేదు. ఎలాగో చెప్తాను, నవ్వుకోండి. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. పదేళ్లుగా నేనూ అదే పని మీద ఉన్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఎం.ఎస్సీ. జియాలజీ ఫస్ట్ క్లాసులో పాసయ్యానన్న పొగరు ఇంకా దిగలేదు. అశోక్ నగర్‌లో, గ్రూప్స్ పరీక్షలకు చదివే ముగ్గురితో కలిసి ఒక గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. నేను రాళ్ల గురించి నోరు తెరవగానే ముగ్గురూ ఒకేసారి "అన్నా, ఇది సిలబస్‌ల ఉన్నదా?" అని అడిగేవాళ్లు. లేదంటే మళ్లీ పుస్తకాల్లో తలలు దూర్చేసేవాళ్లు. అందుకని నా పాండిత్యాన్ని గుర్తించే మనిషి కోసం వెతుక్కుంటూ రాఘవులు సారు దగ్గర తేలాను.

సారు రిటైరైన జియాలజీ ప్రొఫెసర్. చిక్కడపల్లిలో సొంతిల్లు. డాబా మీది గదిలో ఒక మైక్రోస్కోపు, ట్రంకు పెట్టెల నిండా రాళ్లు. ఆయన జీవితమంతా కోనోడాంట్ల మీదే గడిచింది. కోనోడాంట్లంటే, చేపలింకా సరిగ్గా చేపలు కాని కాలంలో పాముపిల్లల్లా సముద్రాల్లో ఈదిన చిన్న జంతువులు. వాటి ఒళ్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, పళ్లు మాత్రం రాళ్లలో మిగిలాయి. ఒక్కో పన్ను ఉప్పు పలుకంత ఉంటుంది. ఒక్కో రకం కొద్దికాలమే బతికి అంతరించింది కాబట్టి, ఏ రాతి పొరలో ఏ రకం పన్ను దొరికిందో చూస్తే ఆ పొర ఏ కాలానిదో చెప్పేయవచ్చు. మనిషి వయసు పదో తరగతి సర్టిఫికెట్ చెప్తుంది, రాయి వయసు ఈ పన్ను చెప్తుంది. రెంటిలో పన్నునే నమ్మవచ్చు.

ఆ పన్నును రాతిలోంచి తీయడం పెద్ద తతంగం. సున్నపురాయిని వెనిగర్ లాంటి పలచటి యాసిడ్‌లో రెండు వారాలు నానబెట్టాలి. రాయి కరుగుతుంది, పళ్లు కరగవు. అడుగున మిగిలిన మడ్డిని సన్నటి జల్లెడలో కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పోసి, తడి కుంచె కొసతో ఒక్కో పన్నునూ ఏరాలి. డాబా మీద నుంచి వచ్చే ఆ పుల్లటి వాసనకు, పక్కింటివాళ్లు సారు పచ్చళ్ల వ్యాపారం పెట్టారనే అనుకునేవాళ్లు.

ఇంత తెలిసిన సారుకు నాతో ఏం పని అంటారా? ఆయన కళ్లు పోతున్నాయి. చూపు మధ్యలో మబ్బులాంటిది అడ్డం పడిందట. మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. నేను చేరిన మొదటి రోజే నా భుజం మీద చెయ్యి వేసి "ఇగ నీ కండ్లే నా కండ్లు బిడ్డా" అన్నారు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానంటే, కళ్లతో పాటు బుద్ధి కూడా ఉండాలన్న సంగతి మరిచిపోయాను.

సారుకు ఒక్కటే కోరిక మిగిలి ఉంది. ముప్పై ఏళ్ల కింద ఆయనా, ఆయన స్నేహితుడు మూర్తి గారూ కలిసి హిమాలయాలకు వెళ్లి ఒకే కొండవాలులోంచి పదకొండు పొరల రాళ్లు మోసుకొచ్చారు. పది పొరలు నలభై కోట్ల ఏళ్లకు పైబడిన సైలూరియన్ కాలానివని తేలింది. పదకొండో పొర దగ్గర పేచీ. అది కూడా సైలూరియనే అని సారు. కాదు, అది తరవాతి డెవోనియన్ కాలానిదని మూర్తి గారు. అందులో అప్పటిదాకా దొరికినవన్నీ పోల్చుకోవడానికి వీల్లేని పంటి ముక్కలే. ఆ కొండవాలు తరవాత చరియలు విరిగిపడి మూసుకుపోయింది. ఇక పదకొండో పొర అంటూ మనుషుల చేతికి అందేది సారు ట్రంకు పెట్టెలో ఉన్న కొబ్బరి చిప్పంత రాళ్లు రెండే.

మూర్తి గారు కోస్తా నుంచి వచ్చి నారాయణగూడలో స్థిరపడిన కుటుంబం వారు. మోకాళ్ల నొప్పుల వల్ల సారు ఇంటి మెట్లెక్కలేరు. అందుకని పదకొండో పొర పంచాయితీ ప్రతి ఆదివారం పొద్దున నారాయణగూడలోని ఒక టిఫిన్ హోటల్లో జరిగేది.

"నీ సైలూరియన్ పదో పొరతోనే అయిపోయిందయ్యా రాఘవులూ! ఎన్నిసార్లు చెప్పాలి?"

"అయిపోయిందని నీకెవరు చెప్పిన్రు? అప్పుడు నువ్వు ఆడ ఉన్నవా?"

"నువ్వున్నావా?"

"నా పండ్లు ఉన్నయి!"

ఈపాటికి సర్వర్ యాదగిరి వచ్చేవాడు. ఆ హోటల్లో వాళ్లిద్దరికీ ముప్పై ఏళ్లుగా ఇడ్లీలు పెడుతున్న మనిషి. "సారూ, జర మెల్లగ. పక్క టేబుల్ వాళ్లు పరేషాన్ అయితున్నరు" అనేవాడు. ఇద్దరూ ఒక్క నిమిషం ఊరుకుని, సాంబారు గిన్నె పక్కకు జరిపి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. వాళ్లు అంత కోపంగా అరుచుకుంటూనే ఒకరి ప్లేట్లోకి ఒకరు చట్నీ వేసుకోవడం నేను చూశాను గానీ, దాని అర్థం నాకప్పుడు తెలియలేదు.

సరే, అసలు నేరానికి వద్దాం. సారు నాకు పెట్టిన కట్టుబాటు ఒక్కటే. ఒక రాయి మడ్డి కడిగాక జల్లెడను నీలం మందులో ముంచాలి. జల్లెడ కన్నాల్లో పాత రాయి నలుసు ఏదైనా ఇరుక్కుని ఉంటే నీలంగా మారుతుంది. రేపది కొత్త రాయి మడ్డిలో రాలినా, నీలం చూసి పాతదని ఏరి పారేయవచ్చు. "నీలంల ముంచకుండ ఇంకో రాయి ముట్టినవో, నీ అంత దొంగ లేడు" అని సారు రోజూ చెప్పేవారు. నేనూ రోజూ ముంచేవాణ్ణి. నేను అమ్మా అని పిలిచే సారు భార్య సాబుదానా వడియాలు పెట్టే రోజు వరకూ.

మే నెల. డాబా నిండా తెల్ల పంచె పరిచి అమ్మ వడియాలు పెట్టారు. నేను జల్లెడను నీలంలో ముంచి, దాన్ని బుద్ధిగా ఓ మూల ఆరబెట్టక, నీళ్లు పోవాలని గట్టిగా విదిలించాను. మూడు వరసల వడియాలు ఆకాశం రంగులోకి వచ్చాయి. అమ్మ పైకి వచ్చి వరసలన్నీ ఒకసారి చూశారు. తరవాత ఒక వడియం తీసుకుని సారు దగ్గరికి వెళ్లారు.

"ఏం రంగున్నదో సూడుండ్రి మీ శిష్యుడు చేసిన వడియం!"

సారు దాన్ని కంటి దగ్గర పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, "తెల్లగనే ఉన్నది గదనే" అన్నారు.

అమ్మ కోపమంతా నా వైపు తిరిగింది. "ఆయనకు కనబడకపోతే నాకు కనబడదా? ఇంకోపారి ఆ నీలం డబ్బ డాబా మీద పెట్టినవనుకో, డబ్బ ఉండదు, నువ్వుండవు!"

నేను నీలం డబ్బాను బీరువా వెనక దాచేశాను. కింద బాత్రూంలో ముంచుకోవచ్చు కదా అని మీరంటారు. అనండి. పదేళ్ల తరవాత కుర్చీలో కూర్చుని ఎవరైనా అనగలరు. నేను మాత్రం ఒక్క వారం ముంచకపోతే కొంపేం మునగదులే అనుకున్నాను. సారుతో ఆ మాట అననూ లేదు.

ఆ వారం నేను కడిగిన మొదటి రాయి, స్వీడన్ నుంచి ఎప్పుడో ఒక మిత్రుడు సారుకు పంపినది. అందులో సైలూరియన్ పళ్లు గుప్పెళ్ల కొద్దీ ఉంటాయి, వాటిని ఏరి చెయ్యి తిరగడానికన్నమాట. రెండోది పదకొండో పొర రాళ్లు రెంటిలో ఒకటి. రెంటికీ ఒకటే జల్లెడ. మధ్యలో నీలం లేదు.

మూడో రోజు మైక్రోస్కోపు కింద నల్లటి పంటి ముక్కల మధ్య అది కనబడింది. నిండు పన్ను. ఆకులా విచ్చుకున్న పలక, దాని నడుమ రంపం లాంటి వరుస. పాలీగ్నథాయిడిస్ సిలూరికస్! ఉప్పు పలుకంత పంటికి అంత పేరు ఎవరు పెట్టారో గానీ, ఆ రకం సైలూరియన్‌లో కొద్దికాలమే బతికింది, డెవోనియన్ ముఖం కూడా చూడలేదు. అది తేనె రంగులో మెరిసిపోతోంది. ఎంత చక్కగా భద్రపడిందో అని మురిసిపోయాను. అవును, తేనె రంగు. మిగతావన్నీ నలుపు. ఇది మీకు చెప్తుంటేనే నా చెవులు వేడెక్కుతున్నాయి.

"సార్! దొరికింది సార్!" అని కేక పెట్టాను. సారు తడుముకుంటూ వచ్చి మైక్రోస్కోపులో కన్ను పెట్టారు. చాలాసేపు చూశారు. "ఏదో మసక మసకగ ఉన్నది బిడ్డా. నువ్వు చూసినవ్ గద, చాలు" అన్నారు. నేను పెన్సిల్‌తో అరచెయ్యంత బొమ్మ గీసి ఇచ్చాను. సారు వేలితో ఆ గీతల మీద మెల్లగా రాస్తూ కూర్చున్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. అంతకు ముందు నన్ను చూసి ఎవరూ అంత సంతోషపడలేదు.

ఆదివారం ఆ బొమ్మ హోటల్లో మూర్తి గారి ముందు పెట్టాం. ఆయన కళ్లజోడు తుడుచుకుని, కాగితాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. తరవాత సారును వదిలేసి నన్ను అడిగారు.

"బాబూ, ఒక్క మాట. జల్లెడ నీలంలో ముంచావా?"

చూడండి, దేవుడు నా ముందు తలుపు బార్లా తెరిచి పెట్టాడు. 'లేదు సార్' అంటే అయిపోయేది. పక్కన సారు ముఖం వెలిగిపోతోంది. నేను ఇడ్లీ ముక్క మింగి, "ముంచిన సార్" అన్నాను.

"నా శిష్యుడయ్య! ముంచకుండ ఎట్లుంటడు?" అన్నారు సారు.

మూర్తి గారు బొమ్మను బల్ల మీద పెట్టి, "అయితే నేను ఓడిపోయాను రాఘవులూ" అన్నారు. కాఫీ రెండు గుక్కలు తాగి, ఇద్దరి పేర్లతో కలిపి వ్యాసం రాద్దామని, ముప్పై ఏళ్లుగా తాను చెప్పింది తప్పని అందులో తనే ఒక పేరా రాస్తానని చెప్పారు. వచ్చే ఆదివారం పత్రికకు పంపాలి. దాంట్లోకి ఫొటోలు తీసే పని నాది.

బుధవారం మధ్యాహ్నం ఫొటో తీస్తున్నాను. కొలతకు ఉంటుందని ఆ పన్ను పక్కనే పదకొండో పొర ముక్కలు కొన్ని పెట్టాను. అప్పుడు గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. కొండల అడుగున లక్షల ఏళ్లు కాగిన రాళ్లలో పళ్లు బొగ్గులా మాడి నల్లబడతాయి. వేడి తగలని రాళ్లలోనే అవి తేనె రంగులో ఉంటాయి. మా హిమాలయం రాయిలో ఒక్క తేనె రంగు పన్ను కూడా ఉండటానికి వీల్లేదు. స్వీడన్ రాయి పళ్లున్న డబ్బా తెరిచి చూశాను. అన్నీ తేనె రంగే. నా ఘనమైన సిలూరికస్ జల్లెడ కన్నంలో కూర్చుని, స్వీడన్ నుంచి హిమాలయాలకు వచ్చేసింది. సారు కళ్లు బాగుంటే ఒక్క చూపులో చెప్పేసేవారు. కానీ ఆయన కళ్లు నేనే కదా.

ఇప్పటికైనా మనిషినైతే వెళ్లి చెప్పాలి. నేను చెప్పలేదు. అబద్ధాన్ని నిజం చేద్దామనుకున్నాను. పెట్టెలో పదకొండో పొర రాయి ఇంకొక్క ముక్క మిగిలి ఉంది, అందులో నిజమైన నల్ల సిలూరికస్ దొరికితే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. కానీ మామూలు యాసిడ్‌లో రెండు వారాలు పడుతుంది, నాకున్నది నాలుగు రోజులు. నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక దుకాణానికి వెళ్లి బాత్రూంలు కడిగే యాసిడ్ సీసా తెచ్చాను.

ఆ యాసిడ్ రాయితో పాటు పళ్లనూ తినేస్తుందని సారు నాకు మొదటి వారమే చెప్పారు. నీళ్లు ఎక్కువ కలిపితే తినదులే అని నాకు నేను చెప్పుకున్నాను. నా మాట మీద నాకు అంత గురి. సారు నిద్రపోయే వేళ చూసి రాయిని బకెట్లో వేసి యాసిడ్ పోశాను. బుస్సుమని పొంగింది. చూస్తుండగానే రాయి సగమైంది, పావైంది, సాయంత్రం టీ వేళకు అయిపోయింది. మడ్డి కడిగి (ఈసారి జల్లెడను కింద బాత్రూంలో నీలంలో ముంచి మరీ కడిగాను, బుద్ధిమంతుణ్ణి కదా), గురువారం మైక్రోస్కోపు కింద పోసి పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా వెతికాను. ఇసుక ఉంది. మట్టి ఉంది. పన్ను కాదు కదా, పంటి నలుసు కూడా లేదు.

శుక్రవారం పొద్దున సారు పేము కుర్చీలో కూర్చుని ఉన్నారు. "ఫొటోలు అయినయా బిడ్డా?" అన్నారు.

"సార్, జల్లెడ నీలంల ముంచలే."

సారు కుర్చీలో ముందుకు జరిగారు. తరవాత డాక్టర్ రోగిని అడిగినట్టు ఒక్కో ప్రశ్నే అడిగారు.

"దానికి ముందు ఏం రాయి కడిగినవ్?"

"స్వీడన్ రాయి సార్."

"పన్ను రంగేంది?"

"తేనె రంగు."

"మనయి?"

"బొగ్గు లెక్క ఉన్నయి సార్."

సారు పెద్ద ఊపిరి వదిలారు. తిడతారని తల వంచుకున్నాను. ఆయన తిట్టలేదు. "అబద్ధం ఎందుకు చెప్పినవ్‌రా? సరే, పోనీ. చెప్పినవ్ గద ఇప్పుడన్న. ఇంకో ముక్క ఉన్నది మన దగ్గర. అండ్ల సూద్దం. ముప్పై ఏండ్లు ఆగినోనికి రెండు వారాలు ఎంత?" అన్నారు.

క్షమించడం కూడా ఇంత కష్టపెడుతుందని నాకు అంతవరకూ తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ ముక్క సంగతీ, సీసా సంగతీ చెప్పాను. సారు లేచి వెళ్లి ట్రంకు పెట్టె తెరిచారు. చేత్తో పెట్టె అడుగంతా తడిమారు, మూలలు కూడా. మూత మెల్లగా వేసి వచ్చి, ఫోన్ ఇమ్మన్నారు.

"మూర్తీ, ఆ వ్యాసం పంపకు. ఆ పన్ను మనది కాదు... ఆ, నీలంల ముంచలే... లేదు, ఇంకో ముక్క గూడ లేదు. కరిగిపోయింది." అవతల మూర్తి గారు చాలాసేపు ఏదో అన్నారు. సారు విని, "గదే చెప్తున్న. నువ్వు ఓడిపోలే," అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "గెలువ గూడ గెలువలే," అని ఫోన్ పెట్టేశారు.

వెళ్లిపోదామని సంచి సర్దుకుంటుంటే, "ఏడికి? ఆదివారం నువ్వు గూడ రావాలె," అన్నారు. శిక్ష అక్కడ పడుతుందనుకున్నాను. పడింది గానీ, వేసింది వాళ్లు కాదు.

ఆదివారం ముగ్గురం ఆ బల్ల దగ్గరే కూర్చున్నాం. ఇడ్లీలు వచ్చాయి. మూర్తి గారు "ఎండలు ముదిరాయి" అన్నారు. సారు "అవ్" అన్నారు. కాసేపటికి సారు "మోకాళ్లు ఎట్లున్నయి?" అన్నారు. "అలాగే ఉన్నాయి" అన్నారు మూర్తి గారు. అంతే. ఒకరిమీద ఒకరు విసురుకోవడానికి వాళ్ల దగ్గర ఇంకేమీ లేదు. సైలూరియన్ అని ఒకరంటే, కాదనడానికి రెండోవారికి రాయి ఉండాలి కదా. ఆ రాయి మురికి కాలువలో కలిసి ఎక్కడికో వెళ్లిపోయింది. ఇద్దరూ తలలు వంచుకుని, పెళ్లివారి ముందు కూర్చున్నట్టు మర్యాదగా తింటున్నారు. ఆ మర్యాద చూడలేక నేను గోడ వైపు తిరిగాను.

యాదగిరి కాఫీలు పట్టుకొచ్చి వింతగా చూశాడు. "ఏంది సారూ, ఇయ్యాల లొల్లి లేదు?"

సారు చెంచాతో నన్ను చూపించారు. "ఈయన బంద్ చేసిండు."

యాదగిరి ముఖం విప్పారింది. కాఫీలు దించి నా రెండు చేతులూ పట్టుకుని, హోటలంతా వినబడేలా అన్నాడు. "పుణ్యం కట్టుకున్నవ్ అన్నా! ముప్పై ఏండ్ల సంది ఎవరితోని కాలే. వీళ్లను నువ్వే కలిపినవ్!"

మూర్తి గారు నా వైపు చూసి తల దించుకున్నారు. సారు కాఫీ చల్లార్చుకుంటూ ఉండిపోయారు. ఆ తరవాత ఆయన ఉన్నన్నాళ్లూ నన్ను పనిలోంచి తీసేయలేదు, ఒక్కసారి కూడా దెప్పలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. పదకొండో పొర వయసు నాకూ తెలియదు, ఇంకెవరికీ తెలియదు, ఇక తెలిసే దారి కూడా లేదు.

అందుచేత పాఠక మహాశయులారా, మీ ఎదుట కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. చేయని పనిని చేశానని ఈ నోటితో ఇంకెన్నడూ అనను. అన్నా, దాన్ని నిజం చేయడానికి సీసాలు కొనను. ఇక ఇద్దరు పెద్దమనుషులు ఎక్కడైనా ప్రేమగా పోట్లాడుకుంటూ నా కంటపడితే, వాళ్ల తగువు తీర్చే పుణ్యం నాకు అక్కర్లేదని చెప్పి, చెప్పులు చేత పట్టుకుని అటునుంచి అటే పారిపోతాను.